తొట్టిలో గంట

మట్టయ్య రెండో మూట పిండి గిర్ని తొట్టిలో కుమ్మరించి, గంటకు కట్టిన దారం కొసను బొటనవేలికి తొడుక్కున్నాడు. గింజల బరువుకు తోలుపట్టీ బిగుసుకుని గంటను పైకి పట్టి ఉంచుతుంది. గింజలు అడుగంటితే పట్టీ వదులై, గంట జారి, తిరిగే రాయికి తగిలి మోగుతుంది. వెంటనే మోటారు ఆపాలి. లేకపోతే రాయికి రాయి రాసుకుని నిప్పులు లేస్తాయి.

ఆ గంట అతని తండ్రిది. నల్గొండ దగ్గర ఊళ్ళో చెరువు తూము కింద నీళ్ళతో తిరిగే గిర్ని ఉండేది. అంత హోరులోనూ తండ్రికి గంట వినపడేది. నీటిచక్రం ఆగిపోయాక మట్టయ్య గంటను తువ్వాలులో చుట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళ మోటారు మోత అతని చెవులను తినేసింది. యజమానురాలు సూర్యప్రభకు ఆ సంగతి తెలియదు.

మొన్న రాళ్ళు ఉత్తగా తిరిగి పిండి మాడింది.

"నిద్రపోతున్నావా ఏంటి? ఇంకోసారి ఇలా అయితే పనిలోకి రానక్కర్లేదు" అందామె. ఆమె పెదాలనే చూస్తూ తలూపాడు. ఆ సాయంత్రమే దారం కట్టాడు.

మెట్రో పిల్లరు కింద రొట్టెలు అమ్మే ఈరమ్మ జొన్నల సంచి దించింది.

"జర సన్నగ వట్టు మామా."

అతను పలకలేదు. సూర్యప్రభ తలెత్తింది. ఈరమ్మ గబుక్కున అతనికి ఎదురుగా నిలబడి వేళ్ళు నలిపి చూపింది.

"మా మామకు ఏదైనా రెండుసార్లు చెప్పాలె, అలిగిన పెండ్లికొడుకు లెక్క."

"సన్నగనే వడ్త బిడ్డా. రొట్టె ఇరగదు" అన్నాడు మట్టయ్య. సూర్యప్రభ మళ్ళీ తన పనిలో పడింది.

మధ్యాహ్నంలోగా రెండుసార్లు దారం లాగింది. రెండుసార్లూ సమయానికే లేచాడు. మూడోసారి జొన్నలు పోసేటప్పుడు ఎడమ భుజం సలిపింది. మూట బరువనుకున్నాడు. గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని, దారం తొడుక్కుని, కళ్ళు మూసుకున్నాడు.

గంట మోగింది.

"మట్టయ్యా, గంట" అని కేకేసింది సూర్యప్రభ.

ఆగకుండా మోగుతోంది. కాలిన రాతి వాసన లేచింది. మోగినప్పుడల్లా అతని బొటనవేలు కదులుతోంది. మనిషి కదలడం లేదు. సూర్యప్రభ పరుగున వచ్చి మోటారు ఆపింది. అతని భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. ఊపిరి లేదు. అప్పుడు చూసింది, వేలి నుంచి గంట దాకా సాగిన దారాన్ని.

పిండి కోసం వచ్చిన ఈరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదెందుకు కట్టుకున్నాడు?" అని ఆమెను అడిగింది సూర్యప్రభ.

"ఆయనకు ఇనరాదమ్మా. ఎన్నేండ్లాయెనో."

వారం తర్వాత గిర్ని తెరిచారు. గంటకు వేలాడుతున్న దారం కొసన, బొటనవేలు పట్టేంత మెలిక అలాగే ఉంది.