గ్రానైట్ షెడ్డు లైట్లు

పుంగనూరు కల్యాణ మండపంలో సముద్రపు పగడాలు పెంచే అద్దాల తొట్టికి ఏ లైటు పెట్టాలో చివరికి తేల్చింది జబీన్ కాదు. తొట్టిని చూసుకునేది మాత్రం ఆమే. మదనపల్లెలో రంగుచేపల అంగడి నడుపుతూ, ఫోన్లో వీడియోలు చూసి ఉప్పునీటి పని నేర్చుకుంది. ఎనిమిది నెలలుగా రెండు రోజులకోసారి బస్సెక్కి వచ్చి, నీళ్ళు మార్చి, ఆ పగడాలను బతికించింది. అవి బతకాలి. ఆమెకు కావలసింది అంతే.

మసక నీలం లైట్లు ఆమె ఎంచింది. మండపం యజమాని గోవిందస్వామికి నచ్చలేదు.

"ఏం పాపా, ఇది పెండ్లి మండపమా, బారా? ఫొటోలో ఒక్కటీ పడ్లేదంట."

"సముద్రం లోపల వెలుతురు అట్లనే ఉంటాదప్పా. తెల్లలైటు కావాలంటే దినానికి పది నిమిషాలు పెంచుకుంటా పోదాం. రెండు నెలలు పడతాది."

"రెండు నెల్లా! ఆదివారం మా అన్న కూతురి నిశ్చితార్థం."

శాంతిపురంలో అతనికి గ్రానైట్ షెడ్డుంది. పలకలోని ప్రతి చుక్కా కొనేవాళ్ళకు కనపడాలని అక్కడ పెద్ద ఫోకస్ లైట్లు వేలాడదీస్తారు. వాటిలో నాలుగు పీకించి తెప్పించాడు.

"వద్దప్పా, సచ్చిపోతాయి."

"పగడం రాయి గాదా? ఉంగరంలో పెట్టుకుంటాండామే! ముప్పై ఏండ్లుగా రాళ్ళ యాపారం జేస్తాండా. రాయికి ఏ లైటో నాకు జెప్తావా?"

"రాయి గాదప్పా, ప్రాణం. ఒంట్లో నాచు పెట్టుకోని, అది వండిపెట్టే కూడు తింటాది. వెలుతురు ఎక్కువైతే నాచును కక్కేస్తాది. ఆకలితో సస్తాది."

"వండుతాదా! ఉప్పు సరిపోయిందో లేదో అడిగి సూడు."

పనివాళ్ళు నవ్వారు. జీతమిచ్చేవాడు జోకేస్తే నవ్వకుండా ఉండేదెవరు?

జబీన్ నిచ్చెనెక్కి రెండు లైట్లు ఆర్పింది. గంటలో అవి మళ్ళీ వెలిగాయి. స్విచ్చుల గదికి తాళం పడింది.

ఆదివారానికి ఆకుపచ్చ, ఊదా, గోధుమ రంగులన్నీ పోయాయి. పలుచని మాంసంలోంచి తెల్లటి ఎముక కనపడుతోంది. కొన్నిటికి ఆ మాంసమూ ఊడిపోయింది. చుట్టాలు సెల్ఫీల కోసం తోసుకుంటున్నారు. "సలవరాయి మాదిరి ఎంత బాగుండాయో!" అంది ఒకామె, బిడ్డను ముందు నిలబెట్టి.

గోవిందస్వామి జబీన్‌ను పిలిచాడు.

"సూసినావా? పాలిష్ పట్టినట్టుండాయి. కుప్పంలో మా బామ్మర్ది హోటలు తెరస్తాండాడు. ఆడ గూడా ఇట్లాంటిదే పెట్టు. తెల్లంగా."

"తెల్లంగా కావాలంటే సచ్చినవే కొనుక్కోండప్పా. మేత అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు."

"సచ్చినవాటిని ఎవురు సూస్తారు పాపా? ప్రాణముండే పగడాలని బోర్డు రాపించాల."

తాను రానంది. అతనికి కోపం కూడా రాలేదు.

"నువ్వు గాకుంటే బెంగుళూరోళ్ళు పెడతారు."

పెట్టారు. మరుసటి వారం కుప్పంలో వ్యాను ఆగింది. ఇరవై రెండు పగడాలు దిగాయి, నీళ్ళ సంచుల్లో, ఇంకా రంగులతో.