రాయి విసిరినవాడు

అందరూ చాప మీద కూర్చుంటే వీడొక్కడు గడప దగ్గరే ఎందుకు కూర్చున్నాడు, లేచి పోవడానికి వీలుగానా, ఎవరెవరు వచ్చారో చూసుకోవడానికా, లచ్చన్నే, మా ఊరి లచ్చన్నే, ఆ మెడ, ఆ పక్కచూపు, వీడూ గల్ఫ్‌కొచ్చాడని, నిజ్వాలో సైట్ పని అని విన్నాను గానీ శుక్రవారం సెలవు పూట బస్సెక్కి అజైబాలో నా రూమ్‌కే ఎందుకొస్తాడు, ప్రార్థన పాటలు బయటికి వినబడితే ఖాళీ చేయమన్నాడు ఓనర్, క్యాసెట్ కూడా గొంతు తగ్గించే పెడతాం, ఆ సంగతి వీడికి తెలిసిందా, కిటికీ వైపు ఎందుకు చూశాడు, ప్రార్థన నడిపించే గంగులమ్మక్క ఇదేమీ పట్టనట్టు మొదటినాటి విశ్వాసుల గురించి చెబుతూనే ఉంది, వాళ్లూ మన మాదిరే తలుపులేసుకొని ప్రార్థన చేసుకునేటోళ్లమ్మా, రాళ్లతో కొట్టినారు, జైల్లో ఏసినారు, అయినా ఇడిసిపెట్టలేదు, రాళ్లు అనగానే వీడు తల వంచాడు, వంచడా మరి, మేం బాప్తిస్మం తీసుకున్న రోజు అన్నం గంజు తన్నింది వీడే, రాయి విసిరిందీ వీడే, బాపు చెవిలోంచి నెత్తురు, ఆ చెవి మళ్లీ వినలేదు, నన్ను కన్న అవ్వను ఆ తర్వాత ఎవరూ కూలికి పిలవలేదు, ఇప్పుడు కళ్లు మూసుకుని ఆమెన్ అంటున్నాడు, అందరికంటే గట్టిగా, ఎవరు నేర్పి పంపారో.

ప్రార్థన అయ్యాక చాయ్ పంచుతూ వాడి దగ్గరికి వచ్చాను, ఎవలు పంపిన్రు నిన్ను అన్నాను మెల్లగా, ఎవ్వలు పంపలే చెల్లె, నేను గూడ బాప్తిస్మం తీసుకున్న, రూమోల్లు కొట్టి సామాను బయటేసిన్రు, అన్నాడు, అబద్ధం, కానీ పెదవి పగిలి ఉంది, ఎక్కడో తాగి పడ్డాడేమో, మీ బాపును కొట్టినోన్ని, ఏ మొకం పెట్టుకోని లోపటికొస్త, అందుకే గీడ కూసున్న, ఎంత బాగా చెబుతున్నాడు, ఎవరమ్మా ఆ బిడ్డ, లోపలికి రమ్మను, అంటోంది గంగులమ్మక్క, నేను చాయ్ గ్లాసు వాడి చేతిలో పెట్టాను.

వేడి చాయ్ పెదవికి తగిలి కళ్లు గట్టిగా మూసుకున్నాడు, ఆ మంట అబద్ధం కాదు, అయినా నేను వెతుకుతూనే ఉన్నాను, అతని మాటలో, మాసిన చొక్కాలో, సిమెంటు పట్టిన వేళ్లలో, ఒక్క మోసం దొరికితే చాలు, పొమ్మనేదాన్ని, మనసు కుదుటపడేది, దొరకడం లేదు, మోసమే అయితే నేనేమీ ఇవ్వక్కర్లేదు, నిజమైతే బాపు తరఫున, అవ్వ తరఫున, ఈ మనిషిని క్షమించాలి, నాకది ఇష్టం లేదు, ఏమాత్రం ఇష్టం లేదు, అతను చెప్పేది నిజమేమోననే ఇందాకటి నుంచీ నా భయమంతా.