ప్లాస్టరు కింది గడ్డం

గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను డ్రైవరు చెంపల మీద పరిచి, గడ్డం నానేదాకా ఆగాడు క్షవరం తాత. షాపు కొడుక్కి అప్పగించాక ఆయన కత్తికి మిగిలినవాళ్లంతా మంచం పట్టినవాళ్లే. పడుకున్న మనిషికి గడ్డం గీయడం వేరే విద్య. వదులైన చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టి, వెంట్రుక వాలిన వైపే కత్తి నడపాలి.

ముక్కులోంచి వచ్చిన తిండి గొట్టాన్ని డ్రైవరు చెంపకు ప్లాస్టరుతో అతికించారు. దాని కింద గడ్డం ఎవరికీ అందక పెరుగుతూనే ఉంది. పక్షవాతం ఒక పక్కనూ, మాటనూ తీసుకుపోయింది. మిగిలిన ఒక్క చెయ్యి గొట్టాన్ని పీకేస్తోందని మంచానికి కట్టేశారు.

బాగున్న రోజుల్లో షాపు కుర్చీలో కూర్చుని డ్రైవరే అన్నాడు: "నోట్లోకి ముద్ద దిగనినాడు నన్ను పోకుండా ఆపొద్దురా. మా అమ్మాయికి నువ్వే చెప్పాలి."

"చెప్తాలే. ముందు తల కదపకు, చెవి తెగుతుంది."

ఆ మాట ఇన్నాళ్లూ తాత గొంతు దాటలేదు. తన చివరి రోజుల సంగతే కొడుకుతో చెప్పుకోలేని మనిషి.

"నున్నగా గియ్యి బాబాయ్," అంది డ్రైవరు కూతురు. "రేపు ఆస్పత్రిలో పొట్టకే గొట్టం వేస్తారట. ఇక పీక్కోలేడు."

తాత కత్తి మడిచాడు. "మీ నాన్న ఇవన్నీ వద్దన్నాడు తల్లీ. నీకు చెప్పమన్నాడు."

"మరి ఇన్నాళ్లూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఆకలితో చంపమంటావా నాన్నని?"

తాత వంగి, చేతి కట్టు విప్పాడు. డ్రైవరు చెయ్యి గొట్టం మీదికి పోలేదు. తడుముకుంటూ వెళ్లి కూతురి చేతిని పట్టుకుని, ప్లాస్టరు దగ్గరికి తెచ్చి ఆగింది.

"నా చేత్తోనా నాన్నా?" అంది ఆమె.

ఆమె డాక్టరుతో మాట్లాడి ఒప్పుకున్నాక, మధ్యాహ్నం నర్సు వచ్చి గొట్టం తీసేసింది. మిగిలిన ఆ కాస్త గడ్డాన్నీ తాత గీశాడు. వారం తర్వాత తాత మళ్లీ వచ్చిన రోజు, పొద్దు వాలుతుండగా ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒకదాని తర్వాత ఇంకొకటి రాలేదు.

ఆమె తండ్రి మణికట్టు మీద ఇంకా మానని ఎర్రటి చారను వేలితో రుద్దుతూ ఉండిపోయింది.

"నువ్వు ముందే చెప్పుంటే ఈ చెయ్యి కట్టేదాన్నా బాబాయ్?"

కిటికీ గట్టు మీద, ఆ మధ్యాహ్నం ఆమె నాన్నకని ఆశగా కలుపుకొచ్చిన టీ తొరక కట్టింది. గ్లాసులో చెంచా అలాగే ఉంది. ఒక్క చెంచాడే తరుగు.