పెద్దవారికి పెద్ద మిడతలు

మిల్లు ప్రహరీ వెనక ఖాళీ స్థలంలో గడ్డి మోకాలెత్తున ఉంటుంది. ఎండ పొడ తగలకముందే అక్కడికి చేరుకోవాలి. మంచుకు రెక్కలు తడిసి, మిడతలు ఎగరలేక గడ్డి కాడల్ని కరుచుకొని ఉంటాయి. ఆ వేళ దాటిందా, ఇక వాటి వెనక గెంతడమే. పట్టేవాళ్ళకు ఆయాసం మిగులుతుంది, అంతే.

ఈ సంగతి ఆ వీధిలో ఫిట్టరు భార్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకొని బట్టలు కుడుతుంది. పాత ఉన్ని దుప్పటి ఒకటి గడ్డి మీద పరిచి, అవతలి కొస నుంచి కర్రతో గడ్డిని మెల్లగా కదుపుకుంటూ వస్తుంది. గెంతిన మిడత దుప్పటి మీద వాలితే దాని కాళ్ళ ముళ్ళు ఉన్నిలో చిక్కుకుంటాయి. మల్లెమొగ్గ తుంచినట్టు ఒక్కొక్కటే తీసి సీసాలో వేసుకోవడమే. సీసా మూతికి పాత మేజోడు ముక్క కుట్టింది. చెయ్యి లోపలికి పోతుంది, పురుగు బయటికి రాదు. వీధివాళ్ళు ఆమెను మిడతలమ్మ అనేవారు, ఆమె వినదనుకున్నప్పుడు.

సీసాలు రెండు. తెల్లదారం కట్టినదాంట్లో గోరంత మిడతలు, ఎర్రదారం కట్టినదాంట్లో వేలెడు మిడతలు. మిల్లు చెరువులోవి అరచేయంత చేపలు. ఒళ్ళు వెడల్పేగాని నోరు గుండీ రంధ్రమంత. వాటికి చిన్న మిడతే ఎర. అడుగున ఒకటీ అరా పెద్ద చేప ఉంటే, గాలం వేసే ఆఖరి గడియలో దానికోసం ఎర్రదారం సీసా.

ఏటా ఒక ఆదివారం మిల్లువాళ్ళు ఆ చెరువు గట్టున గాలాల పోటీ పెడతారు. జోడీకి రెండు కుర్చీలు. ఏ జోడీ బుట్టలో ఎక్కువ చేపలు పడితే వాళ్ళదే గెలుపు. ఆరేళ్ళుగా ఫిట్టరూ స్టోరుకీపరూ కలిసి కూర్చొని, నాలుగుసార్లు గెలిచారు. ఈ ఏడు స్టోరుకీపరు పని మానుకొని వెళ్ళిపోయాడు. రెండో కుర్చీ ఖాళీ అయింది.

"ఈసారి ఆ కుర్చీలో నేను కూర్చుంటానండీ," అంది ఆమె, అన్నం వడ్డిస్తూ.

ఫిట్టరు నవ్వాడు. "నువ్వా? కూర్చో. ఎవరొద్దన్నారు?"

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పుట్టింట్లో ఉండగా తండ్రి పక్కన కూర్చొని గాలం వేసిన చెయ్యే అది. పెళ్ళయ్యాక మళ్ళీ గాలం కర్ర ముట్టలేదు, మిడతలే ముట్టింది. మర్నాడే పెరట్లో నీళ్ళ తొట్టి పెట్టి, గాలానికి బదులు దారం కొసన ఒక గుండీ కట్టి, పదడుగుల దూరం నుంచి తొట్టిలో పడేలా విసరడం మొదలుపెట్టింది. మొదటిరోజు పదింటికి రెండు పడ్డాయి. వారం తిరిగేసరికి పదింటికి తొమ్మిది.

"పేరు రాయించారా?" అని రోజూ సాయంత్రం అడిగేది.

"రాయిస్తాలేవే. నీ పేరుకేమన్నా కాళ్ళొచ్చి పారిపోతుందా?"

పోటీ రోజు తెల్లవారకముందే గడ్డిలో తిరిగి రెండు సీసాలూ నింపుకొచ్చింది. స్నానం చేసి ఇస్త్రీ బట్టలు కట్టుకొనే వేళకు ఫిట్టరు గుమ్మంలో నిలబడి, చెప్పుల వైపు చూస్తూ అన్నాడు:

"సూపర్‌వైజరు సార్ ముచ్చటపడ్డారే. నీతోపాటు కూర్చుంటానయ్యా అంటే కాదని ఎలా అంటాను? వచ్చే ఏడు నువ్వే. ఒట్టు."

ఆమె లోపలికి వెళ్ళింది. సీసాలు రెండూ తెచ్చి చేతికిచ్చింది. "తెల్లదారంది ముందు," అని మాత్రం అంది.

"తెలుసులే. కొత్తా?"

అతను వెళ్ళాక పక్కింటి వదిన గోడ మీంచి తొంగిచూసింది. "సొమ్మొకడిది, సోకొకడిది. ఇస్త్రీ బట్టలు కట్టుకొని పొయ్యి ముందు కూర్చుంటావా ఏంటి? పద, చూసొద్దాం."

చెరువు గట్టున తాడు కట్టారు. చూసేవాళ్ళంతా తాడుకివతల. సూపర్‌వైజరు టోపీ పెట్టుకొని, కాళ్ళు బారజాపుకొని కూర్చున్నాడు. ఫిట్టరు వంగి ఆయన కుర్చీ పక్కన సీసా పెడుతున్నాడు. ఎర్రదారం సీసా.

"సార్, ఇవి మీకు. పెద్దవారికి పెద్దవే ఉండాలి. నాకు ఈ చిన్నవి చాలు."

సూపర్‌వైజరు వేలెడు మిడతను గుచ్చి విసిరాడు. నీళ్ళ మీద తేలే బెండు వణికింది. లాగాడు. మిడత వచ్చింది, దాని వెనక కాళ్ళు రెండూ లేవు. ఇంకొకటి గుచ్చాడు. దానికి మీసాలు కూడా మిగల్లేదు.

"ఆశ లావు, పీక సన్నం. పాపం ఆ చేపలు మాత్రం ఏం చేస్తాయి?" అంది వదిన. చుట్టూ నలుగురు కిసుక్కుమన్నారు.

ఆమె ఆగలేకపోయింది. "ఏమండీ, సారుకు చిన్నవి ఇవ్వండి."

ఫిట్టరు మెడ తిప్పాడు. మొహం మాడిపోయి ఉంది. "నోరు మూసుకొని చూడు."

"ఎవరయ్యా ఆవిడ?"

"మా ఆవిడే సార్. ఊరికే వాగుతుంది."

ఆపైన ఇంకొకటి కనిపించింది ఆమెకు. ఫిట్టరు బెండు నిలువునా మునిగింది. అతను చూశాడు, చూడనట్టు మబ్బుల వైపు తిరిగాడు. చేప ఎర తిని తన దారిన తాను పోయింది. అలా మూడుసార్లు. సార్ గాలానికి ఒక్కటన్నా పడకుండా తాను పట్టడం మర్యాద కాదని అతని బాధ. పక్క జోడీ బుట్టలో చేపలు టపటపలాడుతున్నాయి.

గంటన్నర గడిచింది. సూపర్‌వైజరు కర్ర గట్టుకేసి కొట్టాడు. "ఈ చెరువులో చేపలే లేవు. నాకు తలనొప్పిగా ఉంది," అని టోపీ సర్దుకొని వెళ్ళిపోయాడు.

ఫిట్టరు ఒక్క క్షణం కుడితిలో పడ్డ ఎలుకలా చూశాడు. తర్వాత తాడు వైపు చెయ్యి ఊపాడు. "ఏమేవ్, రా! నీకు కావాల్సింది ఇదేగా. తొందరగా రా, ఇంకా నలభై నిమిషాలుంది!"

గట్టు మీద అందరూ ఆమె వైపు చూశారు. "వెళ్ళకు," అంది వదిన చెవిలో. వెళ్ళకూడదని ఆమెకూ తెలుసు. తెలియనిది చేతులకే. తాడు కిందనుంచి దూరి వెళ్ళి, ఇంకా వేడి ఆరని ఆ కుర్చీలో కూర్చుంది.

తెల్లదారం సీసాలో చెయ్యి పెట్టి మిడతను తీసింది. మెడ వెనక, పట్టీలాగా గట్టిగా ఉండే చోట, పొట్టకు తగలకుండా గుచ్చింది. అలా గుచ్చితే అది చావదు, నీళ్ళ మీద కాళ్ళు కొట్టుకుంటూనే ఉంటుంది. గట్టు వార నీళ్ళలో అల్లుకున్న తూటాకు నీడలోకి విసిరింది. బెండు కుదురుకోకముందే మునిగింది. ఒకటి. మళ్ళీ అదే నీడలోకి. రెండు. ఆ తర్వాత ఆమె లెక్క మరిచిపోయింది. ఫిట్టరు మరవలేదు. తన గాలం పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చొని, పిల్లాడిలా కేకలు పెడుతూ లెక్కపెట్టాడు. "పదిహేడు! పదిహేడు!"

గంట కొట్టారు. రెండు చేపల తేడాతో ఫిట్టరు జోడీయే గెలిచింది. పేర్లు రాసుకున్న మిల్లు గుమాస్తా బల్ల దగ్గర కాగితం విప్పి గట్టిగా చదివాడు. ఫిట్టరు పేరు, సూపర్‌వైజరు పేరు.

"పట్టింది నేను కదండీ," అంది ఆమె.

గుమాస్తా మంచివాడు, కాస్త ఇబ్బందిపడ్డాడు. "సగంలో ఇంటివాళ్ళెవరైనా కూర్చోవచ్చమ్మా. గెలుపు మాత్రం కాగితంలో ఉన్న పేరుకే. మీ ఆయన వచ్చి రాయించి పది రోజులైంది. ఇదుగో తారీఖు."

ఆమె తారీఖు చూసింది. గుండీ విసరడం మొదలుపెట్టిన రోజు అది. ఆ రోజు నుంచీ పెరట్లోకి వచ్చి, ఆమె విసురుతుంటే చూసి, "భేష్" అని లోపలికి వెళ్ళినవాడు ఇతనే.

బహుమతి గోడగడియారం. ఫిట్టరు దాన్ని సైకిలు వెనక కట్టుకొని, దిగి నడిపించుకుంటూ ఆమె పక్కనే వస్తున్నాడు. ఈల వేస్తున్నాడు.

"ఒకందుకు మంచిదే అయింది చూడు. సార్ పేరే వచ్చింది. సాయంత్రం ఇద్దరం వెళ్ళి గడియారం ఆయన చేతికే ఇచ్చొద్దాం. ఎంత సంతోషిస్తారో! నువ్వు మాత్రం అక్కడ చేపలు నేనే పట్టానని అనకు."

"అననులెండి."

కొంత దూరం నడిచారు.

"మిడతలు పట్టింది నేనని చెప్పొచ్చా?"

ఫిట్టరు ఈల ఆపాడు. నిజంగానే ఆలోచించాడు. సైకిలు ఆపి, గడియారం తాడు ఒకసారి బిగించాడు.

"అదీ వద్దులేవే," అన్నాడు. "అవి నేనే పట్టానని సారుకు చెప్పాను."