పంటితో బిగించిన గుండ్లు

డాక్టరు లింగమూర్తి గారు చేయమన్నవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంట్లో సీసం కరిగించే పొయ్యి తీసేయాలి. దాని చుట్టూ మట్టి తవ్వి దూరంగా పారబోయాలి. అనసూర్య సీసం ముక్క నోట్లో పెట్టుకోకూడదు. అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి. రోజూ పాలు, గుడ్డు. విరిగిన కాలు మూడు నెలలు కదపకూడదు.

అనసూర్య మా అక్క. మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం మాది. మమ్మల్ని కన్న అవ్వ నా చిన్నప్పుడే పోయింది. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే అక్క తిరిగి ఇంటికి వచ్చి నన్ను పెంచింది. మా బాపు రాయమల్లు పాత బ్యాటరీల పలకలు కొనుక్కొచ్చి, సీసం కరిగించి, సన్నటి బిళ్లలు పోసేవాడు. ఆ బిళ్లను విసురువల అంచు దారానికి చుట్టి పంటితో కొరికి బిగిస్తే గుండు అవుతుంది. ఒక్క వలకు మూడు నాలుగు వందల గుండ్లు. పదేళ్ల వయసు నుంచీ అది అక్క పని. అక్క కొరికిన గుండు జారదని పేరు, పక్క ఊళ్లవాళ్లు కూడా వలలు తెచ్చేవాళ్లు. ఆ పని మీదనే నేను వరంగల్లులో బి.ఎస్సీ. చదివాను. మా వాడలో అంత చదివినవాడు అంతకుముందు లేడు.

1964 ఎండాకాలంలో బిందె ఎత్తబోతే అక్క మణికట్టు విరిగింది. అది అతకకముందే గడప దగ్గర కూలబడింది. తొడ ఎముక విరిగింది. ఆమెకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. పసరు కట్టు కట్టిస్తే అతకలేదు. బాపూ నేనూ కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు గారు కాలు చూశాక నోరు తెరవమన్నారు.

"ఏమ్మా, మిస్సి పెడ్తవా?"

మిస్సి అంటే అందానికని ఆడవాళ్లు చిగుళ్లకు రాసుకునే నల్లపొడి. ఆ మాటకు బాపు మురిసిపోయాడు. "మా బిడ్డకు మిస్సి అక్కరనే లేదు సారూ. చిగుళ్లకు గా నల్లగీత గట్లనే ఉంటది. పెండ్లిచూపులకు వచ్చినోళ్లు గా గీత జూసే ఒప్పుకున్నరు."

డాక్టరు నవ్వలేదు. "ఏం పని చేస్తవమ్మా?"

అక్క రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టి కొరికి చూపించింది. "గిట్ల, సారూ."

ఆయన ఎక్సరే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకొని చాలాసేపు చూశారు. "గా గీత అందం కాదయ్యా, సీసం. ఇరవై ఏండ్ల సంది ఎముకలల్ల పేరుకున్నది. ఎముక గట్టిపడనిస్తలేదు, అతకనిస్తలేదు. మంచంల పండుకుంటే గా ఎముకలల్లకెళ్లి సీసం మళ్ల రక్తంలకు దిగుతది."

"పండుకోకుంటే?" అన్నాను.

"కాలు అతకదు."

"మరి నేను నడుస్తనా సారూ?" అని అక్క అడిగింది. ఆయన ఆమె వైపు చూడకుండా, చేయవలసినవి నాకు చెప్పడం మొదలుపెట్టారు.

కాలేజీ ల్యాబులో సీసం లవణం ముట్టుకున్న రోజు నేను రెండుసార్లు చేతులు కడుక్కొని గాని టిఫిను తినలేదు. అదే సెలవులకు ఇంటికి వచ్చి, సీసం కొరుకుతున్న అక్క ఎదుట కూర్చొని అన్నం తిన్నాను. చదివినది ఇంట్లోకి తెచ్చుకోవాలని నాకు తోచలేదు.

పొయ్యి నేనే పగలగొట్టాను. మట్టి మోశాను. పాలు మాట్లాడాను. మిగిలిన బిళ్లలను బిగించడానికి బజారులో ఒక పట్టుకారు కొని బాపు చేతికిచ్చి, ఇచ్చోడలో నేను సారుగా పనిచేసే బడికి పోయాను. పదిహేను రోజులకోసారి వచ్చేవాణ్ని.

వానలు పడ్డాయి. ఏరు నిండితే వేట ఉండదు, వలలు బాగుచేసుకునే కాలం. ఒకసారి వచ్చేసరికి అక్క మంచం మీద వల పరిచి ఉంది. ఆమె దవడ కదులుతోంది.

"నేను తేలేదురా. గామెనే అడిగింది," అన్నాడు బాపు, అటు తిరిగి కూర్చొని.

"అక్కా, నీకెన్నిసార్లు జెప్పాలె?"

"బడిల పోరగాండ్లకు జెప్పు తమ్మీ, నాకు జెప్పకు," అని నవ్వింది. "పట్టుకారు తెస్తివి. గది దారం తెంపుతుంది. దారం యాడున్నదో పండ్లకు తెలుస్తది, ఇనుముకేం తెలుస్తది?"

"సచ్చిపోతవే."

"కాలు లేదాయె, చెయ్యి లేదాయె. నోరొక్కటే పనిజేస్తుంది. గా నోరు గూడ మూసుకుంటే ఇగ నేనెందుకు జెప్పు?"

వల లాక్కున్నాను. నేను ఇచ్చోడ పోగానే మళ్లీ ఆమె మంచం మీదికే వస్తుందని తెలిసే లాక్కున్నాను.

మూడు నెలలు నిండిన రోజు నా భుజం పట్టుకొని లేచి నిలబడింది. "నిలబడ్డ సూడు బాపూ," అంది. ఒక్క అడుగు వేసింది. ఈసారి విరిగింది రెండో కాలు. పెద్దగా అరవలేదు, నా అంగీ మాత్రం వదల్లేదు. తర్వాత కడుపునొప్పులు, ఆపైన మూర్ఛలు. మళ్లీ కరీంనగర్ తీసుకుపోయాం. రక్తంలోది తీయడానికి సూదిమందు హైదరాబాదులో దొరుకుతుంది గాని ఎముకలోంచి మళ్లీ దిగుతూనే ఉంటుందని చెప్పారు. కార్తీకంలో అక్క పోయింది.

ఇప్పుడు మా వాడలో ఆ పని నాగవ్వ అనే పిల్ల చేస్తోంది. పదకొండేళ్లు. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి చెప్పాను. "నీ సదువు నీకాడనే ఉంచుకో సారూ. మీ అక్కకు దిష్టి తాకింది," అంది వాళ్లమ్మ. మూడోసారి తలుపు తీయలేదు.

మీకు ఎక్కడైనా సీసం కొరికే మనిషి కనబడితే వద్దని చెప్పండి. వినరు, నాకు తెలుసు. అయినా చెప్పండి. చెప్పేటప్పుడు మా అక్క అనసూర్యను ఒకసారి తలుచుకోండి.