గట్టు మీది కేక

అహరోను గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. మనిషి చూస్తే బక్కపలచన, గాలి కాస్త గట్టిగా వీస్తే చెరువులో పడతాడేమో అనిపించే శాల్తీ. నోరు తెరిచాడా, అవతలి గట్టు మీద ఒంటికాలి మీద కునికే కొంగ కూడా ఉలిక్కిపడి లేవాల్సిందే. దేవుడు ఆ గొంతు ఎవరికో ఇవ్వబోయి ఇతడికి ఇచ్చి ఉంటాడు. అది తప్ప అతడికి వేరే ఆస్తి లేదు.

భీమడోలు నుంచి కొల్లేరు వైపు పోతుంటే కనుచూపు మేరా చెరువులే. అందులో పాండురంగారావు చేపల చెరువుకి అహరోను కాపలా. మకాం అని గొప్పగా పిలిచే రేకుల పాకలోనే ఉంటాడు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి తగిలించిన శిలువ. ఊళ్ళో ఉన్న ఇల్లు ఏనాడో వానకి కూలిపోయింది. కాబట్టి ఆ పని పోతే పోయేది జీతం ఒక్కటే కాదు, తలదాచుకునే చోటు కూడా.

మొదట్లో కాపలా అంటే మూడు పనులు. దొంగలు వల వెయ్యకుండా చూడటం, పడవలో తిరిగి చేపలకి మేత కట్టడం, పక్షుల్ని తోలటం. నిరుడు గట్టు మీద కెమెరా పెట్టించారు. దొంగల సంగతి దానికి పోయింది. తవుడు, వేరుశెనగ చెక్క సంచుల్లో నింపి కర్రలకి కట్టే పని ముఠా కూలీలకి ఒప్పజెప్పారు. వాళ్ళు పొద్దున్నే వచ్చి గంటలో ముగించుకుని పోతారు. ఒక్కొక్కటే చేతుల్లోంచి జారిపోతుంటే అహరోను పెద్దగా పట్టించుకోలేదు. పని తేలికవుతోంది కదా అని సంతోషించాడు కూడా, వెర్రిబాగులవాడు!

మిగిలింది పక్షులు. గూడబాతు ఒక్కసారి మూతి ముంచిందంటే బొచ్చె చేపపిల్ల గల్లంతు. నీటికాకులైతే గుంపుగా వచ్చి పడతాయి. వాటిని లేపటానికి ఆ చెరువుల మీద కాపలా ఉండే మొగుడూపెళ్ళాలకి ఒక అలవాటు ఉంది. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి పేరు పెట్టి పిలుచుకుంటారు. పిలుపుకి ఇటువైపు పిట్టలు లేస్తాయి, జవాబుకి అటువైపువి లేస్తాయి. రెండోవాళ్ళు నీళ్ళలో జారిపోలేదని, కునుకు తియ్యలేదని కూడా తెలుస్తుంది. అహరోను "సుందరమ్మా!" అని కేకవేస్తే, అటు నుంచి భార్య "ఉన్నా!" అనేది. చాలా ఏళ్ళు రోజంతా వాళ్ళ కాపురం అదే మాట మీద నడిచింది.

సుందరమ్మ జ్వరంతో ఏలూరులో కన్నుమూసింది. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే పిట్టలు దిగాయి. అహరోను లేచి గట్టు మీదికి వెళ్ళి, అలవాటు కొద్దీ ఆ పేరే పిలిచాడు. అప్పటి నుంచీ పిలుస్తూనే ఉన్నాడు. ఆ పేరైతే గాలిలో బాగా సాగుతుందని అడిగినవాళ్ళకి చెప్పేవాడు. అది నిజం కాదని అతడికి తెలుసు. పిలిచాక కాసేపు ఆగటం మాత్రం మానలేకపోయాడు.

అలాంటి రోజుల్లో భీమడోలు గ్రామ సచివాలయం నుంచి ఫోను వచ్చింది. జ్యోత్స్న అనే అమ్మాయి, చాలా మెత్తగా మాట్లాడుతుంది.

"బాబాయ్‌గారూ, ఇంటింటి సర్వే అండీ. ఎవరికి ఏం పని ఉంది, ఎంత వస్తోంది అని రాస్తున్నాం. రేపటితో ఆఖరండీ. మీరొచ్చి వేలిముద్ర వెయ్యాలి."

"నేను గట్టు వదిలి రాలేనమ్మా. ఇక్కడ నుంచే చెప్పేత్తే రాసుకోరా?"

"కుదరదండీ. మీరు రాకపోతే ఇక్కడ లేరని పడిపోద్ది. తర్వాత బియ్యం కార్డుకి ఇబ్బందవుతుందేమో, ఏమీ అనుకోకండేం."

బియ్యం సంగతికి భయమే వేసింది. అంతకన్నా ఆ 'లేరు' అన్న మాట దగ్గర అహరోను మనసు చివుక్కుమంది. ముఠా వెళ్ళిపోయాక రోజంతా ఒక్క మనిషి మొహం చూడకుండా బతికేవాడికి, తాను ఉన్నానా అన్న అనుమానం అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. గవర్నమెంటు కూడా లేడని తేల్చేస్తే ఇంక దిక్కెవరు?

పాండురంగారావుకి ఫోను చేశాడు. ఆయన తాడేపల్లిగూడెంలో ఉంటాడు, బియ్యం వ్యాపారం.

"ఏవండీ, రేపొక్క పూట భీమడోలు వెళ్ళొత్తానండి."

"చేపల పట్టుబడి దగ్గరకొచ్చాక గట్టెలా వదుల్తావయ్యా? గూడబాతులు దిగితే నాకేం మిగుల్తుంది? నీ ఇష్టం మరి. వెళ్ళాలంటే వెళ్ళు, నేను ఇంకో మనిషిని చూసుకుంటాను."

ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచి తిట్టే ఆసామితో బతకొచ్చు, ఇలా నెమ్మదిగా చెప్పేవాడితోనే కష్టం.

సాయంత్రం రఫీ వచ్చాడు. ఏలూరు మనిషి, మోటారు సైకిలు మీద తిరుగుతూ ఖాళీ మేత సంచులు, పాత ప్లాస్టిక్ కొంటాడు. వాళ్ళ నాన్న తివాచీలు నేసేవాడు. ఆ మగ్గం ఎప్పుడో ఆగిపోయింది. బండి ముందు కట్టిన మైకు "పాత ఇనుము కొంటాం, సంచులు కొంటాం" అని దానంతట అదే అరుస్తూ ఉంటుంది. అహరోను మొహం చూసి రఫీ మైకు ఆపి, సంగతంతా విన్నాడు.

"అదేం పెద్ద పని బాబాయ్! రేపు నా మైకు ఇక్కడ కట్టేసి పోదాం. మీ గొంతు ఇందులో పడితే సాయంత్రం దాకా అదే అరుస్తుంది. ఇది కొనకముందు మా తమ్ముడు ఇలియాస్ వెనక కూర్చుని అరిచేవాడండి. ఇది వచ్చాక వాడికి పని లేకుండా పోయింది. ఇప్పుడు గూడెంలో రైసుమిల్లులో మూటలు మోస్తున్నాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాల్సిన మాట కాదని ఇద్దరికీ తోచలేదు.

రఫీ మీట నొక్కి మైకు అహరోను మూతి దగ్గర పెట్టాడు. ముందు సిగ్గుపడి మొహం పక్కకి తిప్పుకున్నాడు. రెండోసారి చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. "హోయ్! హోహోయ్! లెగండెహె!" అని కేకవేశాడు. పిట్టలు లేచాయి. ఆ ఊపులోనే, అనుకోకుండా, "సుందరమ్మా!" అని పిలిచి ఆగాడు. రఫీ కూడా మీట వదలకుండా ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా కాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కూడా మైకులో పడింది.

"చెరిపేసి మళ్ళీ పెడదామా బాబాయ్?" అని రఫీ మెల్లగా అడిగాడు.

"వద్దులే. పిట్టలకి అలవాటైన కేక" అన్నాడు అహరోను.

మర్నాడు రఫీ మైకుని గట్టు మధ్యలో గుంజకి కట్టి, అహరోనుని బండెక్కించుకున్నాడు. మలుపు తిరిగేదాకా తన గొంతు వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. అహరోనుకి వింతగా, కాస్త గర్వంగా కూడా ఉంది. గొంతుని పనిలో పెట్టి దొర తిరగడానికి బయల్దేరినట్టు నిటారుగా కూర్చున్నాడు.

సచివాలయంలో సర్వరు పనిచెయ్యడం లేదన్నారు. బెంచీ మీద కూర్చోమన్నారు. పక్కన ఎలిజబెత్ అనే ఆవిడ, వాళ్ళ చర్చి మనిషే, చెవి దగ్గరకి వంగింది.

"పనేమీ లేదని చెప్పన్నయ్యా. పని లేనోళ్ళకి ఏదో ఇత్తారంట. పనుందంటే నువ్వు పేదోడివి కాదనుకుంటారు."

అహరోను తలూపాడు. సర్వరు వచ్చింది, అతడి వంతూ వచ్చింది. జ్యోత్స్న కుర్చీ చూపించింది. ఇదివరకు ఏ ఆఫీసులోనూ కుర్చీ ఇచ్చినవాళ్ళు లేరేమో, అతడు అంచు మీదే కూర్చున్నాడు.

"ఇంట్లో ఎంతమందండీ?"

"ఒక్కడినేనమ్మా."

"పనేమన్నా ఉందాండీ?"

ఎలిజబెత్ వెనక నుంచి దగ్గింది. అహరోనుకి ఆ మాట గుర్తుంది. కానీ అంతదూరం వచ్చి, ఇంత మర్యాదగా అడిగిన అమ్మాయి ముందు, ఊరికే తిని కూర్చుంటున్నానని చెప్పటానికి నోరు రాలేదు. 

"చెరువు కాపలా అండి. పక్షుల్ని తోల్తాను. నేను కేకేత్తే అవతలి గట్టుదాకా లేత్తాయి."

జ్యోత్స్న నవ్వి చేతిలోని ట్యాబులో నొక్కింది. "ఏడాదిలో పని దొరకని రోజులు ఉంటాయాండీ?"

"అలాంటి రోజే లేదమ్మా. ఇదిగో, ఇవాళే బయటికొచ్చాను."

"పనిచేసే చోట మీతోపాటు ఇంకెవరన్నా ఉంటారా?"

"ఇదివరకు ఉండేదండి" అన్నాడు. జ్యోత్స్న తల ఎత్తి చూసి, ఇంకేమీ అడగకుండా ఒకటి అని నొక్కింది. వేలిముద్ర మొదటిసారి పడలేదు. నీళ్ళలో నాని నాని వేళ్ళు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, నాలుగోసారికి పడింది.

"అయిపోయిందండీ బాబాయ్‌గారూ."

అహరోను లేవలేదు. "ఇంకేమన్నా అడగాలాండీ?" అన్నాడు ఆశగా. సుందరమ్మ పోయాక ఒక మనిషి అతడిని వరసగా అన్ని మాటలు అడగటం అదే మొదలు. ఇంకో పది అడిగినా చెప్పేవాడే. కానీ వెనక జనం ఉన్నారు.

తిరిగి వచ్చేసరికి మకాం ముందు కారు ఆగి ఉంది. పాండురంగారావు మంచం మీద కూర్చుని చెరువు చూస్తున్నాడు. చేపలు చూసుకుంటానన్న వ్యాపారిని తీసుకుని చెప్పకుండా వచ్చాడట. మైకు అరుస్తూనే ఉంది. నీళ్ళ మీద ఒక్క పిట్ట లేదు.

"తప్పయిపోయిందండి" అన్నాడు అహరోను చేతులు కట్టుకుని.

"తప్పేంటయ్యా! ఎంత తెలివయ్యా నీది!" పాండురంగారావు నవ్వుతున్నాడు. "వచ్చి చాలాసేపైంది. నువ్వు ఇక్కడే ఎక్కడో ఉన్నావనుకున్నాను. పిట్ట వాల్తే ఒట్టు. ఈ ఆలోచన మనకి ఇన్నాళ్ళు రాలేదు చూశావా?"

అహరోనుకి గుండె కుదుటపడింది. మెచ్చుకుంటున్నాడు! తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినవాడికి మెప్పు దొరికితే ఎలా ఉంటుంది? పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. నలుగురు మనుషులు చేసే పని అదొక్కటే చేస్తోందని తనే వంత కూడా పాడాడు.

"ఏలూరులో సోలారువి దొరుకుతాయంట. రెండు తెప్పిస్తాను. నీ గొంతే ఉంచుతాలే, పిట్టలకి అలవాటు కదా" అన్నాడాయన లేచి. "నీకూ వయసైపోయింది. ఎన్నాళ్ళని ఈ ఎండలో నిలబడతావు? ఈ నెలాఖరుదాకా ఉండి, ఇంటికెళ్ళి హాయిగా కూర్చో."

ఏ ఇంటికి అని అహరోను అడగలేదు. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో అతడికి తెలియలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు.

"వెనక మనిషి లేడని పిట్టలు కనిపెట్టేత్తాయండి."

"చూద్దాంలే" అన్నాడు పాండురంగారావు, కారు తలుపు తీస్తూ. కోపం లేదు, కసి లేదు, లెక్క ఒక్కటే ఉంది. ఆయనని తిట్టుకుందామన్నా అహరోనుకి పట్టు దొరకలేదు. నాకు మాత్రం దొరుకుతుంది. ఆ మైకులో పడ్డ గొంతుకి జీతం ఎవరిస్తారని ఒక్కరైనా అడగొద్దూ?

సోలారు మైకులు వచ్చాయి. రఫీ మైకులోని కేకనే వాటిలోకి ఎక్కించారు. రఫీ తలెత్తి చూడలేకపోయాడు. "నా వల్లే బాబాయ్" అన్నాడు. "నీదేముందిరా, నోరు నాదేగా" అన్నాడు అహరోను.

నెలాఖరున మూట కట్టుకుంటూ జ్యోత్స్నకి ఫోను చేశాడు.

"అమ్మా, అహరోనునండి, చెరువు కాపలా. నాకు పని పోయిందమ్మా. ఆ రాసింది మార్చాలేమోనని..."

"సర్వే మూసేశారండీ బాబాయ్‌గారూ. మీకు ఏడాది పొడవునా పని ఉన్నట్టే ఎక్కింది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో నాకూ తెలీదండీ. ఒకసారి రండి, అర్జీ ఏదన్నా పెట్టి చూద్దాం."

"సరేనమ్మా" అన్నాడు. తను ఉన్నట్టు రాశారు, అది చాలనుకోవాలి. పని ఉన్నట్టు కూడా రాశారు, దాన్ని ఏమనుకోవాలో తోచలేదు.

శిలువ మూటలో పెట్టుకుని గట్టు పట్టుకుని నడిచాడు. రఫీ రోడ్డు మీద బండితో నిలబడ్డాడు. ఏలూరులో తన గోదాం పక్కన చిన్న గది ఉందని, ప్రస్తుతానికి అందులో ఉండమని చెప్పాడు. అక్కడ పిట్టలూ ఉండవు, గట్టూ ఉండదు. ఇన్నేళ్ళుగా తన వైపు చివర నిలబడి పిలిచినవాడు, ఆ రోజు రోడ్డెక్కాలంటే సుందరమ్మ నిలబడే చివర మీదుగా వెళ్ళాలి. అక్కడ గడ్డి ఆమె కాళ్ళ కింద అరిగిపోయిన చోట ఇప్పుడు మళ్ళీ మొలిచింది.

వెనక నుంచి మైకు అరిచింది. "హోయ్! హోహోయ్! లెగండెహె!"

ఆ తర్వాత, "సుందరమ్మా!"

అహరోను ఆగిపోయాడు. ఈ చివర నిలబడితే ఆ పిలుపు ఎలా వినిపిస్తుందో అతడికి ఇన్నాళ్ళూ తెలియదు. అంత దూరం నుంచి వచ్చేసరికి అందులో గద్దింపు పోయి, బతిమాలుకోవటం ఒక్కటే మిగిలింది. రోజంతా దీన్ని వింటూ నిలబడేదా అనుకున్నాడు. కేక ఆగింది. మైకులోంచి ఆనాటి నీళ్ళ చప్పుడు మొదలైంది. అది ఎంతసేపు ఉంటుందో, ఎవరి కోసం ఉంటుందో అతడికి తెలుసు.

మూట కింద పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు.

"ఉన్నా!" అని కేకవేశాడు.

మైకు అందని ఆ మూల రెల్లులో దాక్కుని ఉన్న నీటికాకులు గుప్పుమని లేచాయి. చెరువు మీదుగా కొల్లేరు వైపు పోయాయి. అహరోను కాసేపు చూశాడు. మైకు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అతడు మూట తీసుకుని రఫీ బండి దగ్గరికి నడిచాడు.