మూత మీద బతుకమ్మ

ఈల నోట్లో ఉంది, చీపురు చేతిలో ఉంది. మొగిలమ్మ రాలిన బాదం ఆకులను ఊడుస్తూనే బంతి మడి వైపు ఓరకంట చూస్తోంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు హనుమకొండ పార్కులో అందరి చేతులకూ దురద పుడుతుంది. మిగతా రోజుల్లో నీతులు చెప్పుకుంటూ నడిచే పెద్దమనుషులే ఆ పొద్దు చున్నీల కిందా టోపీల కిందా పూలు దాచుకుపోతారు.

కురచ మనిషి. సరిగ్గా చీపురుకు సరిపోయేంత వంగిపోయింది నడుం. చీర మీద వేసుకున్న ఆకుపచ్చ కోటు ఎవరో మగమనిషి కొలతకు కుట్టింది. చేతులు మోచేతుల దాకా మడుచుకుంటుంది. భర్త పోయాక ఈ కాంట్రాక్టు పనే ఆమెకు కూడూ గుడ్డా. పర్మినెంటు చేస్తామన్న సార్లు మారారు గానీ కోటు మారలేదు. ఇన్నేళ్లలో తన బతుకమ్మకైనా ఇక్కడి పువ్వొకటి తెంపి ఎరగదు. కాశిబుగ్గ అవతల గట్ల వెంట తిరిగి తంగేడూ గునుగూ తెచ్చుకుంటుంది.

ఈల మోగింది.

"ఓ మేడం! పూలు తెంపకుండ్రి!"

కాలేజీలో పాఠాలు చెప్పే స్రవంతి మేడం అప్పటికే గుప్పెడు బంతిపూలు తెంపింది. "పండుగకు నాలుగు పూలు తెంపితే నీ సొమ్మేం పోతది?"

"నా సొమ్ము గాదు మేడం. నా నౌకరి పోతది."

నడిచేవాళ్లందరూ ఆగి చూశారు. మేడం పూలను మడిలోకి విసిరికొట్టి, ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వేపచెట్టు కింది బెంచీ మీద ఒక తెల్లావిడ కూలబడి కనిపించింది. అరవై దాటిన మనిషి, ఒంటరిది, పక్కన మోయలేనంత సంచి. ముఖం ఎర్రగా కందిపోయింది. మొగిలమ్మ ఏమీ అడగలేదు. ముందు నీళ్లు తాగించింది, కొంగుతో విసిరింది, తర్వాత టిఫిన్ డబ్బా విప్పి సగం అన్నం, పచ్చిపులుసు మూతలో పెట్టింది. ఆవిడకు కలుపుకోవడం రాక పులుసు మోచేతి దాకా కారింది. మొగిలమ్మ పకపకా నవ్వింది, ఆవిడా నవ్వింది. ఈ పార్కులో మొగిలమ్మ పక్కన కూర్చుని తిన్న మనిషి ఆవిడొక్కతే.

తిన్నాక ఆవిడ ఫోనులో బతుకమ్మ బొమ్మ చూపించి ఏదో అంది. అటుగా పోతున్న అక్షర అనే కాలేజీ పిల్ల తెలుగులో చెప్పింది. "బతుకమ్మ ఆట చూడాలని చాలా ఆశ ఉండెనట అవ్వా. సాయంత్రం దాకా ఉండే వీల్లేదట. ములుగు పోవడానికి జీపు వస్తాందట."

"అయ్యో. పండుగ పూట మన ఊరికొచ్చిన ఆడబిడ్డను ఉత్తగనే పంపుతమా?"

మొగిలమ్మ లేచి మడి దగ్గరికి పోయింది. చేయి ఒక్క క్షణం ఆగింది. ఆగిన చేయి ఆగినట్టే ఉంటే ఎంత బాగుండేది! తెంపింది. కడిగిన టిఫిన్ మూతలో ఆకులు పరిచి, బంతి మీద చామంతి వరస పేర్చి, పిడికెడంత బతుకమ్మను చేసింది. మూత అంచున చుక్కలతో చెక్కిన తన పేరు పూల కిందకు పోయింది. పెళ్లినాడు తల్లి పెట్టిన డబ్బా అది. ఇద్దరూ చప్పట్లు కొడుతూ బెంచీ చుట్టూ తిరిగారు. తెల్లావిడ అడుగడుగునా తాళం తప్పింది. అక్షర ముచ్చటపడి వీడియో తీసి అందరికీ పెట్టింది.

గేటు దగ్గర జీపు హారన్ కొట్టింది. ఆవిడ మొగిలమ్మను గట్టిగా వాటేసుకుని కళ్లు తుడుచుకుంది. జీపులో పూలు నలుగుతాయనుకుందో ఏమో, బతుకమ్మను బెంచీ మీదే పదిలంగా పెట్టిపోయింది. ఇంటికి పోతూ పోతూ నీళ్లలో వేద్దాంలే అనుకుని మొగిలమ్మ చీపురు అందుకుంది.

మంచికి పోతే చెడు ఎదురైనట్టు, ఆ వీడియో తిరిగి తిరిగి స్రవంతి మేడం ఫోనులోకే చేరింది. "పొద్దున నన్ను నలుగురిలో దొంగను చేసింది. ఇప్పుడు కంచే చేను మేస్తాంది" అని ఆవిడ దాని కింద రాసింది. తెల్లతోలుకొక రూలా, మాకొక రూలా అని మిగతావాళ్లు అందుకున్నారు. పొద్దున టోపీల కింద పూలు దాచినవాళ్లూ అందులో ఉన్నారు.

పొద్దు వాలకముందే సూపర్‌వైజర్ హరీష్ వచ్చాడు, మొగిలమ్మకు కొడుకు వయసువాడు.

"ఏం పని చేసినవ్ అవ్వా? కంచే చేను మేస్తాందని ఆ కాలేజీ మేడం రాసిందట, పైనుంచి ఒకటే ఫోన్లు. ఈల, కోటు ఇచ్చెయ్. రేపటిసంది రాకు."

"తెంపిన బిడ్డా, తప్పే. ఒక్కసారి. జర సూడు బిడ్డా, పండుగ పూట."

"నా చేతుల ఏం లేదు" అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా.

మొగిలమ్మ కోటు విప్పింది. మడిచిన చేతులు సాపు చేసి, మళ్లీ మడత పెట్టి, పైన ఈల పెట్టి ఇచ్చింది. తిట్టాలనుంది గానీ ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆ మేడం అన్న దాంట్లో అబద్ధమేమీ లేదు, అదే మరీ మండుతోంది. బెంచీ దగ్గరికి పోయి బతుకమ్మ మీద చేయి వేసింది.

"అది ముట్టకు. పెద్ద సార్ వచ్చి సాక్ష్యానికి ఫోటో తీసుకుంటడట. అవి పార్కు పూలు."

"మూత నాది బిడ్డా."

"రేపు తీస్కపో" అన్నాడు, రేపటి నుంచి రావద్దన్న ఆ నోటితోనే.

మూతలేని డబ్బాను కొంగు కింద పెట్టుకుని ఆమె గేటు దాటింది. రోడ్డు మీద పట్టుచీరల ఆడవాళ్లు తలల మీద బతుకమ్మలతో ఎదురొస్తుంటే పక్కకు తప్పుకుని దారిచ్చింది.

చీకటి పడ్డా సారు రాలేదు. హరీష్ గేటుకు తాళం వేసుకుని పోయాడు. నీళ్లలో వేసే దిక్కులేక బతుకమ్మ వేపచెట్టు కింది బెంచీ మీద, టిఫిన్ మూతలో, అట్లాగే కూర్చుని ఉంది.